ముందు పిడి, చివర ట్రిగ్గర్: ఎయిర్ పిస్టల్‌ను పోటీకి సిద్ధం చేసుకోవడం

కొత్త ఎయిర్ పిస్టల్ పెట్టె తెరవగానే అందరి చెయ్యీ ముందు ట్రిగ్గర్ స్క్రూల మీదికే పోతుంది. గుణుపురం నుంచి వచ్చినా, కాశీనగరం నుంచి వచ్చినా, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చినా, ఒడిశాలోని పర్లాకిమిడిలో నా పనిబల్ల దగ్గర మొదట వినిపించేది ఒకే మాట: "మాస్టారూ, ట్రిగ్గర్ కాస్త తేలిక చేసి పెట్టండి." సైన్యంలో ఆర్మరర్‌గా ఆయుధాలు విప్పడం, బిగించడం, సరిచూడటమే నా ఉద్యోగం. ఇప్పుడు మా పిల్లల పిస్టళ్లు చూస్తున్నాను. వచ్చిన ప్రతివాళ్లకూ నేను చెప్పే వరుస ఒక్కటే. ముందు పిడి, తర్వాత గురి చూసే సైట్లు, ఆ తర్వాత సిలిండర్‌లో నింపే గాలి, పెల్లెట్లు అనే చిన్న గుండ్లు, అన్నిటికన్నా చివర ట్రిగ్గర్. పిడి మారితే చూపుడువేలు ట్రిగ్గర్ మీద పడే చోటు మారుతుంది. ఆ చోటు మారితే నిన్న కుదిరిన ట్రిగ్గర్ ఇవాళ కుదరదు. అందుకే ఈ వరుస.

ఫోన్‌లో అమెరికా వీడియోలు చూసి, పిస్టల్ తూటాలు కాల్చే కార్బైన్ అనే పొట్టి రైఫిల్ గురించి అడిగే కుర్రాళ్లు ఉన్నారు. అక్కడ ఆ పోటీలు జోరుగా జరుగుతాయి, నిజమే. వాటిలో మామూలుగా వాడే 9 ఎంఎం మన దేశంలో నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు). అలాంటి సెమీ ఆటోమేటిక్ కార్బైన్ మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరికేది కాదు. ఎయిర్ పిస్టల్ సంగతి వేరు. బోరు 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్లకు లోపు ఉన్న గాలి ఆయుధానికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టల్ ఇచ్చేది అయిదారు జౌళ్లే. ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లే దారి మాత్రం ఇదే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం తెచ్చుకున్నది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనే.

ముందుగా నిబంధన కొలతలు బుర్రలో ఉండాలి. మనం చేసే ప్రతి మార్పూ వాటి లోపలే ఇమడాలి. అన్నీ బిగించాక పిస్టల్ బరువు 1,500 గ్రాములు దాటకూడదు. 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. ట్రిగ్గర్ విడుదలకు వేలు పెట్టాల్సిన బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. తెరిచిన సైట్లు మాత్రమే ఉండాలి. సైట్ల మీద అద్దం, లేజరు పనికిరావు. పిడి చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు. బరువులు బిగించినా, పిడికి పుట్టీ పెట్టినా మళ్లీ తూచి, మళ్లీ కొలవండి.

పిడి

పోటీ పిస్టళ్ల పిడులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. ఆ సైజు ఫ్యాక్టరీ వాళ్ల లెక్కలోని చెయ్యి, మీ చెయ్యి కాదు. మా వైపు ఆడపిల్లల చేతులకు చిన్న సైజు కూడా చాలాసార్లు వదులే.

పట్టుకునే పద్ధతి ముందు సరిచూసుకోండి. ఎడమచేత్తో గొట్టం పట్టుకుని, పిస్టల్‌ను కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చీలికలోకి వెనక్కి, పైకి నెట్టండి. అక్కడ ఖాళీ మిగలకూడదు. తర్వాత మధ్యవేలు, ఉంగరపువేలు చుట్టండి. ఆ రెండూ పిస్టల్‌ను నేరుగా వెనక్కి లాగాలి, పక్కలకు నొక్కకూడదు. చిటికెనవేలు ఊరికే ఆనుకుంటే చాలు. బొటనవేలు వదులుగా ఉండాలి. చూపుడువేలు చెక్కకు ఎక్కడా తగలకుండా విడిగా కదలాలి. వేలు చెక్కకు రాసుకుంటుంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పిడి కూడా కదులుతుంది. అక్కడ చెక్క తీసేయడమే మందు.

ఇప్పుడు పరీక్ష. ఖాళీ గోడవైపు తిరిగి, పెల్లెట్ లేకుండా పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి. ఒకటి రెండు ఊపిరులు తీసి కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో, రెండింటి పైఅంచులూ ఒకే మట్టంలో ఉంటే పిడి మీ చేతిదే. ప్రతిసారీ ముందు సైట్ ఒకే వైపుకు, లేదా పైకి, కిందికి పోతుంటే పిడి మీతో పోట్లాడుతోందన్నమాట. దాన్ని మణికట్టుతో సరిచేసుకోవడం అలవాటు చేసుకోవద్దు. అరవై షాట్ల పోటీలో నలభయ్యో షాట్‌కి మణికట్టు అలిసిపోతుంది, గుండ్లు అటే పోతాయి. చాలా పిస్టళ్లలో పిడి వాలును, కొన్నింటిలో పక్క తిప్పుడును కూడా స్క్రూతో మార్చుకోవచ్చు. ముందు దానితో ప్రయత్నించండి. అది చాలకపోతేనే ఆకురాయి, పుట్టీ.

చెక్క ఎక్కడ ఒత్తుతోందో తెలుసుకోవడానికి అరచేతికి రంగు సుద్దపొడి పలచగా రాసుకుని పట్టుకోండి. రంగు గట్టిగా అంటిన చోట చెక్క ఎక్కువైంది, అసలు అంటని చోట తక్కువైంది. ఎక్కువైన చోట సన్న ఆకురాయితో ఒకటి రెండు రుద్దులు రుద్దండి, అంతే. తక్కువైన చోట ఎంసీల్ లాంటి రెండు పాళ్ల పుట్టీ కలిపి పెట్టి, చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మామూలుగా పట్టుకోండి. చేతి అచ్చు దానంతటదే పడుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక అంచులు శాండ్‌పేపర్‌తో దించండి. ఒక్కరోజులో పిడి మొత్తం చెక్కేయాలని చూడకండి. కొంచెం తీసి, వారం కాల్చి, చెయ్యి ఏమంటుందో విని, మళ్లీ కొంచెం తీయండి. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. అంత సన్నటి పనిలో చెయ్యి తిరిగినవాళ్లు పిడి మీద ఆకురాయి పట్టే తీరు చూసి నేను కూడా నేర్చుకున్నాను. మీ ఊళ్లో మంచి వడ్రంగి ఉంటే పక్కన కూర్చుని చేయించుకోండి, పిడి ఒక్కటే పంపి ఊరుకోవద్దు.

అరచేతి కింద ఆనే పలక గురించి ఒక మాట. దాన్ని పైకి జరిపి చేతిని బిగించేస్తే పిస్టల్ కదలదనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. కరిచే చెప్పు వేసుకుని నడిచినట్టు, కండరాలన్నీ ఆ నొప్పి చుట్టూ బిగుసుకుంటాయి, సైట్లు వణుకుతాయి. పలక చేతికి తగలాలి, చేతిని నొక్కకూడదు. పలకకూ చేతికీ మధ్య పోస్టుకార్డు దూరి బయటికి రావాలి. పలక కిందికి వాలవచ్చు గానీ చేతిని చుట్టేలా పైకి వంగితే పరికరాల తనిఖీలో ఆపేస్తారు.

సైట్లు

పది మీటర్ల దూరంలో ఎయిర్ పిస్టల్ టార్గెట్ నలుపు, అంటే మధ్యలోని నల్లటి చుక్క, అడ్డంగా 59.5 మిల్లీమీటర్లు, పది పాయింట్లిచ్చే రింగు 11.5 మిల్లీమీటర్లు. గుండు అంచు గీతను తాకినా పదే కాబట్టి, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్లలోపు పడితే చాలు.

ఇక ఈ లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం దాదాపు 33 సెంటీమీటర్లు అనుకుందాం. టార్గెట్ పది మీటర్లు, అంటే దానికి ముప్పై రెట్లు. ముందు సైట్ గాడిలో అర మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు 15 మిల్లీమీటర్లు తప్పుతుంది, తొమ్మిదే పడుతుంది. అదే సైట్లు రెండూ సరిగా కలిసి ఉండి, చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు ఊగితే గుండు తప్పేది ఆ 5 మిల్లీమీటర్లే, అది పదే. అందుకే చేతి ఊపు చూసి బెంగపడకండి, సైట్ల కలయిక చూసుకోండి. చూపు ముందు సైట్ మీదే పదునుగా నిలవాలి. నలుపు మసకగా కనబడాలి. ఈ ఒక్క సంగతి పిల్లలకు ఎక్కడానికి నెలలు పడుతుంది, అయినా విడిచిపెట్టకుండా చెబుతూనే ఉంటాను.

ముందు సైట్ వెడల్పు నాలుగు నుంచి అయిదు మిల్లీమీటర్ల మధ్య దొరుకుతుంది. చెయ్యి చాచినప్పుడు అది నలుపు కంటే కాస్త సన్నగా కనిపించేది తీసుకోండి. వెనక గాడి వెడల్పు మార్చుకునే వీలుంటే, ముందు సైట్‌కు రెండు పక్కలా వెలుతురు స్పష్టంగా కనిపించేంత తెరవండి. గాడి మరీ ఇరుకైతే కన్ను పాపం వెలుతురు వెతుక్కోవడంలోనే అలిసిపోతుంది. మరీ వెడల్పైతే రెండు పక్కలూ సమానమో కాదో తెలియదు. హాలు చీకటిగా ఉండే చోట నేను గాడి కాస్త వెడల్పు చేయిస్తాను. టార్గెట్ మీద కనీసం 1,500 లక్సుల వెలుతురు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. చిన్న ఊళ్ల హాళ్లలో అంత ఉండదు. అలాంటి హాల్లో కుదిర్చిన గాడి భువనేశ్వర్‌లోని వెలుతురు హాలుకు వెళ్లాక వేరుగా అనిపిస్తుంది. అక్కడి సాధన రోజునే సరిచూసుకోండి, పోటీ ఉదయం కాదు.

నలుపు మధ్యకు గురి పెట్టకండి. నల్లటి సైట్ నల్లటి చుక్కలో కలిసిపోయి పైఅంచు కనబడదు. నలుపుకు కింద, మధ్యలో తెల్లటి సందు మిగిలేలా ఆగి, గుండు పదిలో పడేటట్టు సైట్ జరుపుకోండి. ఆ సందు ఎంత ఉండాలన్నది మీ ఇష్టం, ప్రతిసారీ ఒకేలా ఉంటే సరి.

సైట్ స్క్రూ ఎటు తిప్పితే ఎటు పోతుందో పిస్టల్ మీది అక్షరాలు చూసి ఊహించకండి, కంపెనీకో పద్ధతి. అయిదు షాట్లు కాల్చి ఆ రంధ్రాల గుంపు మధ్య గుర్తు పెట్టండి. స్క్రూ పది క్లిక్కులు తిప్పి మరో అయిదు కాల్చండి. రెండు గుంపుల మధ్య దూరం స్కేలుతో కొలిచి పదితో భాగిస్తే ఒక్క క్లిక్కుకు ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. ఆ అంకె పిస్టల్ పెట్టె మూత లోపల రాసి అంటించండి. ఒక్క గుండు తప్పిందని క్లిక్కు తిప్పకండి, గుంపు మొత్తం జరిగితేనే తిప్పండి.

కళ్లద్దాలున్నవాళ్లు మామూలు దూరపు అద్దంతో కాల్చితే ముందు సైట్ మసకబారుతుంది. కళ్ల డాక్టరు దగ్గర చెయ్యి చాచి, ముందు సైట్ ఉండే దూరం చూపించి ఆ దూరానికి అద్దం రాయించుకోండి. గురిపెట్టని కన్ను మూసుకోకండి, మొహం బిగుస్తుంది. దాని ముందు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని తెల్లటి అట్ట అడ్డు పెట్టుకోవచ్చు.

గాలి, పెల్లెట్లు

మా ప్రాంతంలో ఎయిర్ పిస్టల్‌కు అసలు శత్రువు తేమ. మహేంద్రగిరి మీద మబ్బు దిగిన రోజుల్లో చేతిపంపుతో సిలిండర్ నింపితే గాలితో పాటు నీటిని కూడా లోపలికి తోస్తున్నట్టే. ఆ నీరు గాలి ఒత్తిడిని ఒకే తీరుగా ఉంచే రెగ్యులేటర్‌లో చేరితే వేగం షాటు షాటుకూ మారుతుంది, గుంపు పైకీ కిందికీ సాగుతుంది. పిల్లవాడు తన చెయ్యి చెడిందని కుమిలిపోతాడు. గుంపు అడ్డంగా కాకుండా నిలువుగా సాగుతుంటే ముందు గాలి వైపు చూడండి.

పంపుకు తేమ పీల్చే ఫిల్టర్ తప్పకుండా పెట్టండి. అందులోని సిలికా జెల్ రంగు మారగానే మార్చండి. కొంత కొట్టాక ఆపి, పంపు చల్లబడనిచ్చి, కింది మర తిప్పి నీరు వదిలేసి మళ్లీ కొట్టండి. ఎక్కువ పిస్టల్ సిలిండర్లు 200 బార్‌ల గాలి ఒత్తిడికి తయారైనవి. మీ సిలిండర్ మీద ఎంత రాసి ఉంటే అంతే, పైన ఒక్క బార్ వద్దు. నేను 100 బార్‌కు దిగగానే నింపమంటాను, అట్టడుగు దాకా కాల్చనివ్వను. పెద్ద క్లబ్బులు నీటి అడుగున ఈదేవాళ్లు వాడే స్కూబా సిలిండర్ నుంచి నింపుకుంటాయి; అది పొడిగాలి, మంచిది. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా నింపవద్దు. నూనె, గ్రీజు తగిలితే పేలిపోతుంది. వెల్డింగ్ షాపులో "గాలే కదా, నింపేద్దాం" అనే మనిషి దగ్గరికి పిల్లల్ని పంపకండి. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటినదాన్ని తనిఖీలో ఒప్పుకోరు, ఒప్పుకున్నా నేను వాడనివ్వను. ఎండలో ఆగిన కారులో వదలవద్దు.

పెల్లెట్లు చదునైన ముక్కువే కావాలి, అవే కాగితంలో గుండ్రటి రంధ్రం చేస్తాయి. పిస్టల్‌కు 0.45 నుంచి 0.53 గ్రాముల దాకా దొరుకుతాయి. తల కొలత 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద రాస్తారు. ఏది మంచిదన్న ప్రశ్నకు మీ గొట్టమే జవాబు చెప్పాలి. బల్లకు వైస్ బిగించి, దవడలకు తోలు పెట్టి, సిలిండర్, గొట్టం నలగకుండా ఫ్రేము పట్టించి, ఒక్కో రకంతో కొన్ని అయిదు షాట్ల గుంపులు కాల్చండి. ఒకే రంధ్రంలా కలిసిపోయే రకం మీది. ఆ డబ్బా మీది లాట్ నంబరు చూసి అదే లాటు కొన్ని డబ్బాలు ఒకేసారి కొనండి. మూత గట్టిగా పెట్టి పొడిచోట దాచండి. తెల్లటి బూజులాంటి పొర పట్టినవి, అంచు నొక్కుకుపోయినవి పోటీకి పక్కన పెట్టేయండి. డబ్బు కుదరకపోతే వైస్ పరీక్ష మానేసి, పేరున్న ఒక రకం మీదే నిలకడగా ఉండండి. కొత్తగా నేర్చేవాళ్లకు పెల్లెట్ వల్ల పోయే పాయింట్లు చాలా తక్కువ.

ట్రిగ్గర్

ఇప్పుడు స్క్రూలు ముట్టుకోవచ్చు. ముందు ఉన్న స్థితి రాసుకోండి. ప్రతి స్క్రూను పూర్తిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి, అన్నే చుట్లు వెనక్కి తిప్పండి. దారి తప్పితే తిరిగి రావడానికి ఆ కాగితమే దిక్కు. ఒకసారికి ఒక్క స్క్రూ, పావు చుట్టు, ఆపైన ఇరవై డ్రై షాట్లు. పెల్లెట్, గాలి లేకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే ఏర్పాటు పోటీ పిస్టళ్లలో ఎక్కువవాటికి ఉంటుంది.

మొదట ట్రిగ్గర్ నాలుకను ముందుకో వెనక్కో జరపండి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాని మధ్యలో ఆనాలి, వేలు నేరుగా వెనక్కి రావాలి. కొసతో నొక్కితే గుండ్లు ఒకవైపుకు, కణుపు మడతతో నొక్కితే మరోవైపుకు తోసుకుపోతాయి. తర్వాత మొదటి అంచె. వేలు కొంచెం వెనక్కి జారి ఒకచోట స్పష్టంగా ఆగాలి. ఆ జారుడు మరీ పొడుగైతే వేలికి విసుగు, మరీ పొట్టిదైతే అంచె తెలియకుండానే పేలిపోతుంది. రెండో అంచెలో, ఆగినచోట ఇంకాస్త బరువు పెరగగానే, కదలిక తెలియకుండా షాట్ విడుదల కావాలి.

బరువు పంచే విషయంలో నా పద్ధతి ఇది. మొత్తం 520 గ్రాముల దగ్గర ఉంచి, మొదటి అంచెకు 380 నుంచి 400 దాకా ఇచ్చి, మిగతాది రెండో అంచెకు వదులుతాను. బరువులో ఎక్కువ భాగం ముందే వేలి మీదికి వచ్చేస్తుంది, చివర్లో చేయాల్సింది కొంచెమే. కొత్తవాళ్లకు రెండో అంచె ఇంకా బరువుగా, గట్టిగా తెలిసేటట్టు పెడతాను. లేకపోతే సైట్లు కలవకముందే షాట్ పోతుంది, దానికి పిల్లలు బెదిరిపోతారు. 500కి సరిగ్గా ఆనించి పెట్టమని బతిమాలతారు. పెట్టను. స్ప్రింగ్ మెత్తబడుతుంది, స్క్రూ ఒదులవుతుంది, తనిఖీ బల్ల దగ్గర ట్రిగ్గర్‌కు తగిలించే అరకిలో తూకపు రాయి లేవదు. పోటీ అయ్యాక కూడా తనిఖీ ఉంటుంది, అందులో తప్పితే ఆ రోజు స్కోరంతా పోయినట్టే.

పరీక్షకు కొలతల ముద్ర ఉన్న అరకిలో రాయి ఒకటి కొని కొక్కెం బిగించండి. కొక్కెం బరువు కలిపి 500 రావాలి. గాలి ఉన్న సిలిండర్‌తో పిస్టల్ కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధం చేసి, గొట్టం నిటారుగా పైకి పెట్టి, కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, బల్ల మీది నుంచి మెల్లగా లేపండి. రాయి గాలిలోకి లేవాలి, ట్రిగ్గర్ విడుదల కాకూడదు.

అన్నిటికన్నా చివర ట్రిగ్గర్ స్టాప్. షాట్ విడుదలయ్యాక వేలు ఇంకా వెనక్కి పోకుండా ఆపే స్క్రూ ఇది. పిస్టల్ పేలడం ఆగిపోయేదాకా లోపలికి తిప్పి, అక్కడి నుంచి పేలేదాకా వెనక్కి, ఆపైన ఇంకో పావు చుట్టు వెనక్కి తిప్పండి. సరిగ్గా అంచున వదిలితే చలిలోనో దుమ్ములోనో పోటీ మధ్యలో ట్రిగ్గర్ పలకదు.

ట్రిగ్గర్ కుదిరిందా లేదా తేల్చడానికి టార్గెట్ కాగితం వెనక్కి తిప్పి, ఖాళీ తెలుపు మీద పది షాట్లు కాల్చండి. నలుపు మీద కన్నా ఆ గుంపు చిన్నదిగా వస్తే ట్రిగ్గర్‌లో దోషం లేదు, మీరు నలుపుకు భయపడి షాట్ లాగేస్తున్నారు. స్క్రూ వదిలేసి డ్రై షాట్లు పెంచండి.

పోటీకి బయల్దేరే ముందు

టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి, విలువైన నిమిషాలు పోయి, ఫైనల్ చేజారింది. మూడేళ్లకు 2024లో అదే అమ్మాయి పారిస్ నుంచి రెండు కాంస్యాలు తెచ్చింది. ఒలింపిక్ స్థాయి పిస్టల్‌కే అలా జరిగినప్పుడు మన సంచిలో ఉండాల్సినవి ఉండాలి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే కొత్త బ్యాటరీ వేసి, మరొకటి జేబులో పెట్టుకోండి. అలెన్ కీలు, రెండో సిలిండర్, గాలి కారకుండా ఆపే ఓ-రింగులు, మీ అరకిలో రాయి, చుట్ల లెక్క రాసిన కాగితం మర్చిపోవద్దు. చీలమండ కప్పని బూట్లే వేసుకోవాలి.

అరవై షాట్లకు ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలిస్తారు. దానికి ముందు 15 నిమిషాలు సరిచూసుకునే షాట్లకు. ఆ 15 నిమిషాల్లో సైట్ క్లిక్కులు తప్ప ఇంకే స్క్రూ ముట్టుకోకూడదు. పోటీకి వారం ముందే మార్పులన్నీ ఆపేయమని మా పిల్లలకు గట్టిగా చెబుతాను.

రైల్లో భువనేశ్వర్ వెళ్లేటప్పుడు పిస్టల్ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. కొన్న బిల్లు, క్లబ్బు ఉత్తరం, పోటీ ఎంట్రీ కాగితం పెట్టెతోపాటే ఉంచండి. దూరం నుంచి చూసే పోలీసుకు అది గాలి పిస్టలో అసలు పిస్టలో తెలియదు, అడగడం అతని బాధ్యత. స్టేషన్లో స్నేహితులకు చూపించడానికని కూడా తీయవద్దు. రేంజికి చేరాక పెట్టె తెరిచిన క్షణం నుంచి గొట్టంలో అది ఖాళీ అని చూపే రంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. ఫైరింగ్ లైను మీద రేంజ్ ఆఫీసర్ అనుమతి ఇచ్చాకే దాన్ని తీయాలి. చివరి షాట్ అయ్యాక పిస్టల్ తెరిచి, గొట్టం ఖాళీ అని అధికారికి చూపించి, ఫ్లాగ్ పెట్టి, అప్పుడు బల్ల వదలండి. ఇంటికి వచ్చాక చెమట తుడిచి, పిడి ఆరనిచ్చి, పెట్టెలో కొత్త సిలికా జెల్ పొట్లం వేసి మూయండి.